ఈ నెల నుంచి మా పడవలకు బరువు గీత: ధర, డెలివరీ వివరాలు

కర్నూలు షెడ్డు నుంచి మా కస్టమర్లందరికీ నమస్కారం. ఈ నెల నుంచి ఫైబర్ పడవ ధర 3,500 రూపాయలు పెరుగుతుంది, డెలివరీ పది రోజులు ఆలస్యమవుతుంది. కారణం పడవ పక్కన వేస్తున్న బరువు గీత, అంటే బరువు ఎక్కించినప్పుడు నీళ్లు ఇది దాటకూడదని చెప్పే గుర్తు. "గీతకు అంత డబ్బెందుకప్పా, డబ్బా పెయింటు చాలదా" అని శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో చేపలు పట్టే అన్నలు అడుగుతున్నారు. డబ్బు పెయింటుకు కాదన్నా, ఆ గీత ఎక్కడ పడాలో తేల్చడానికి.

అచ్చు నుంచి తీసిన ప్రతి పడవనూ సిమెంటు తొట్టిలో దింపి, తూకం వేసిన ఇసుక మూటలు ఎక్కిస్తాం. మా చిన్న పడవకు నీటి మట్టం దగ్గర వైశాల్యం సుమారు 6 చదరపు మీటర్లు. అంటే 60 కిలోలకు ఒక సెంటీమీటరు దిగుతుంది, దాదాపు మనిషికో సెంటీమీటరు. ముందు, వెనక, రెండు పక్కలా కొలత రాసుకుంటాం. తర్వాత మూటలను ఒక పక్కకు జరిపి, మేస్త్రీలు గోడ నిటారు చూసే గుండును పడవలో వేలాడదీసి, అది ఎంత పక్కకు పోయిందో స్కేలు మీద చూస్తాం. గుండు మరీ ఎక్కువ జరిగిందంటే, పడవ తేలుతుంది గానీ జనం ఒకేవైపు లేస్తే తిరగబడుతుంది. పెద్ద ఓడలకు బరువు కేంద్రం ఎంత ఎత్తులో ఉందో కూడా ఇట్లే కనుక్కుంటారు. గండికోటలో ఫొటో కోసం అందరూ ఒక పక్కకే వస్తారు కాబట్టి, ప్రయాణికుల పడవలకు ఈ పరీక్ష లేకుండా నేను షెడ్డు దాటనివ్వను.

ఇంకో సంగతి. సముద్రానికి గీసిన డిజైన్లు మన దగ్గరా అమ్ముతున్నారు. ఉప్పునీరు ఘనపు మీటరుకు సుమారు 1,025 కిలోలు, మన కృష్ణ నీళ్లు 1,000. అదే బరువుకు ఇక్కడ పడవ కాస్త ఎక్కువ దిగుతుంది. అందుకే ఓడల మీద బరువు గీత గుర్తుగా ఉండే 300 మిల్లీమీటర్ల వలయం పక్కన, సముద్రంలో వేసవికి ఎస్, మంచినీటికి ఎఫ్ అని వేర్వేరు గీతలుంటాయి. నదిలో ఎఫ్ దాకా దిగిన ఓడ సముద్రంలోకి పోతే ఎస్ దగ్గరికి లేస్తుంది. మన పడవ సముద్రం చూసేది లేదు, కాబట్టి దానికి మంచినీటి గీత ఒక్కటే.

గీత కొంచెం పైకి వేస్తే ఇంకో నలుగురు పడతారని ఒక బోటింగ్ కాంట్రాక్టరు అడిగారు. వేయనన్నాను, ఆర్డరు పోయింది. బ్రిటన్‌లో శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే ఎంపీ పోరాడితే 1876లో ఓడలకు గీత తప్పనిసరి చేశారు గానీ, ఎక్కడ వేయాలో యజమానికే వదిలేశారు. 1890 చట్టంతో గానీ అది మారలేదు. ఆ వెసులుబాటు నా పడవలకు ఇవ్వను. ఓడల ఉక్కు మీద వెల్డింగుతో వేసినట్టు, మేమూ ఫైబర్ పొర అతికించి ఉబ్బెత్తుగా వేస్తున్నాం. రంగు పోయినా చేతికి తగులుతుంది.

ఇంతకుముందు మా దగ్గర పడవ కొన్నవాళ్లకు గీత ఉచితం. ఇంజను, డ్రమ్ములు, వలలు, రోజూ పెట్టేవన్నీ తీసుకురండి, ఖాళీ పడవను కొలిచి లాభం లేదు. తొట్టి ఒకటే ఉంది, ఫోన్ చేసి రండి.