డిస్కౌంట్ బోర్డు కాదు, గోలీ ధర చూడాలి

సంపాదకుడికి నమస్కారం.

మందుల షాపుల ముందు ‘20 శాతం తగ్గింపు’, ‘జనరిక్ మందులపై 80 శాతం వరకు తగ్గింపు’ అనే బోర్డులు ఇప్పుడు ప్రతి సెంటర్లోనూ కనిపిస్తున్నాయి. నెలనెలా బీపీకి, షుగర్‌కు మందులు కొనే కుటుంబాలు ఆ అంకెను చూసే షాపు ఎంచుకుంటున్నాయి. ఆ శాతాన్ని ఏ ధర మీద తీస్తున్నారో అడిగేవాళ్లు తక్కువ. ఎమ్మార్పీ 100 రూపాయలున్న షీటును సగానికిస్తే 50 రూపాయలు. అదే మందు వేరే కంపెనీది 30 రూపాయల ఎమ్మార్పీతో దొరికితే, పైసా తగ్గించకపోయినా 20 రూపాయలు మిగులుతాయి. జనరిక్ అంటే పేటెంటు (కనిపెట్టిన కంపెనీకే ఉండే హక్కు) తీరాక ఇతర కంపెనీలూ తయారుచేసే మందు. ఆ పేరుతో అమ్మే కొన్ని షీట్ల మీద, షాపువాళ్లు కొన్న ధరకు ఎన్నో రెట్లు ఎమ్మార్పీ అచ్చవుతోంది. అంతంత తగ్గింపులు అక్కడి నుంచే వస్తున్నాయి. అందుకని ‘ఎంత శాతం తగ్గిస్తారు?’ అని కాకుండా ‘ఒక్కో గోలీ ఎంత పడుతుంది?’ అని అడగాలి. షీటుకు 10 గోలీలా, 15 గోలీలా అన్నది కూడా చూసుకోవాలి.

ధర పోల్చాలంటే ముందు రెండూ ఒకటే మందని తేల్చుకోవాలి. షీటు మీద కంపెనీ పెట్టిన పేరుతో పాటు అసలు మందు పేరు ఉంటుంది. 2018 సెప్టెంబరు నుంచి ఈ అసలు పేరును కంపెనీ పేరుకన్నా కనీసం రెండు సైజులు పెద్ద అక్షరాల్లో వేయాలనే నిబంధన ఉంది. ఆ పేరు, దాని సాల్ట్ (అసలు పేరు పక్కన ఉండే సక్సినేట్, టార్ట్రేట్ లాంటి మాట), మిల్లీగ్రాములు, గోలీ తీరు ఈ నాలుగూ కలవాలి. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ 500, మెట్‌ఫార్మిన్ 500 ఎస్‌ఆర్ ఒకటి కావు. ఎస్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఎల్ అని ఉంటే ఆ గోలీ నెమ్మదిగా కరిగేది. దాన్ని నూరి మింగితే గంటల తరబడి విడుదల కావాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. సాల్ట్ తేడాకూ ఒక ఉదాహరణ: బీపీకి వాడే మెటోప్రొలాల్ సక్సినేట్‌ను మామూలుగా రోజుకు ఒకసారి ఇస్తారు, మెటోప్రొలాల్ టార్ట్రేట్‌ను రెండుసార్లు. కంపెనీ పేరు చివర ‘హెచ్’, ‘ఏఎమ్’ లాంటి తోక ఉంటే సాధారణంగా లోపల రెండో మందు కలిసినట్టు. బీపీ మందు టెల్మిసార్టాన్ 40 రాస్తే టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయజైడ్ అనే మరో మందు కలిసిన గోలీ చేతికి రావడం చిన్న పొరపాటు కాదు.

ఇంతకన్నా తరచుగా జరిగే ప్రమాదం మరొకటి. పోయిన నెల ఒక కంపెనీది, ఈ నెల ఇంకో కంపెనీది కొంటారు. పేరు వేరు, రంగు వేరు కావడంతో ఇంట్లో పెద్దవాళ్లు రెండూ వేసుకుంటారు. మందు రెట్టింపు అవుతుంది. షుగర్ ఒక్కసారిగా పడిపోవడానికి ఇదీ ఒక దారి. మందు మారినప్పుడల్లా పాత షీటును డబ్బాలోంచి తీసేసి, కొత్తదాని మీద ‘పొద్దున బీపీ గోలీ’ అని తెలుగులో రాసిపెట్టాలి.

ఇక చట్టం సంగతి. 1945 నాటి ఔషధ నిబంధనల్లో 65వ నిబంధన ప్రకారం, షెడ్యూల్ హెచ్ మందును (డాక్టరు చీటీ మీదే అమ్మాల్సినదాన్ని) చీటీలో రాసినదానికి బదులు వేరేది ఇచ్చే అధికారం ఫార్మసిస్టుకు లేదు. లోపలి మందు అదే అయినా సరే. కాబట్టి డాక్టరు కంపెనీ పేరు ఒక్కటే రాస్తే, చవకైనదాన్ని ఎంచుకునే దారి అక్కడే మూసుకుపోతుంది. ఆ చీటీ పట్టుకుని జన ఔషధి కేంద్రానికి (జనరిక్‌లు చవకగా అమ్మే కేంద్ర ప్రభుత్వ పథకం షాపుకు) వెళ్లినవారికి జరిగేది ఇదే. డాక్టర్లు జనరిక్ పేరు, అంటే అసలు మందు పేరు, స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2016 నుంచి చెబుతోంది. 2023లో జాతీయ వైద్య కమిషన్ ఇంకా గట్టి నిబంధనలు తెచ్చి, ఆ ఆగస్టులోనే పక్కన పెట్టింది. రోగులు తమంతట తాము ‘కంపెనీ పేరు కింద అసలు పేరు కూడా రాయండి డాక్టర్‌గారూ’ అని కన్సల్టేషన్ గదిలోనే అడగాలి. ఇది హక్కు, మొహమాటపడాల్సిన పని లేదు.

జనరిక్ అంటే నాసిరకం అనే భయం మన దగ్గర బలంగా ఉంది. నిజానికి మన షాపుల్లో ఖరీదైన పేర్లతో అమ్ముడయ్యేవాటిలోనూ అత్యధికం పేటెంటు తీరిన మందులే, అంటే అవీ జనరిక్‌లే. అయితే కొన్ని మందుల్లో మోతాదు కొంచెం అటూ ఇటూ అయినా తేడా తెలుస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, థైరాయిడ్‌కు లీవోథైరాక్సిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, మానసిక వైద్యంలో లిథియం, కిడ్నీ మార్పిడి తరవాత టాక్రోలిమస్ ఇలాంటివి. వీటిలో కుదిరిన కంపెనీనే కొనసాగించాలి. మార్చాల్సి వస్తే డాక్టరుకు చెప్పి, ఆయన చెప్పిన రోజుకు రక్త పరీక్ష చేయించుకోవాలి. పది రూపాయల కోసం ఇక్కడ ప్రయోగం వద్దు.

అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో ఉన్నవాటికి కేంద్ర ధరల సంస్థ ఎన్‌పీపీఏ గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. ‘ఫార్మా సహీ దామ్’ యాప్‌లో అది చూడవచ్చు. ఆ ధరకు జీఎస్టీ అదనం, కాబట్టి కొద్దిపాటి తేడా కనబడితే కంగారు పడక్కర్లేదు. జాబితాలో లేని మందులకు కంపెనీ మొదట ఎంతైనా పెట్టుకోవచ్చు. ఆ తరవాత 12 నెలల్లో 10 శాతానికి మించి పెంచకూడదు.

బిల్లు తప్పక తీసుకోవాలి, అందులో బ్యాచ్ నంబరు ఉండాలి. నాలుగు గోలీలే కావాలంటే షీటు కత్తిరించి ఇస్తారు. బ్యాచ్, ఎక్స్‌పైరీ ముద్ర ఉన్న కొస షాపులోనే ఉండిపోతుంది. ఆ కొసనే అడగాలి, లేదా వివరాలు బిల్లు మీద రాయించుకోవాలి. మందు మీద అనుమానం వస్తే ఔషధ చట్టం 26వ సెక్షన్ కింద కొన్నవారే ఫీజు కట్టి ప్రభుత్వ పరీక్షకు పంపవచ్చు. తెలంగాణలో ఔషధ నియంత్రణ శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969.

ప్రమాణాలకు తగ్గ నాణ్యత లేదని తేలిన మందుల జాబితాను కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ బ్యాచ్ నంబర్లతో సహా ప్రతి నెలా తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. అది తెలుగు ఇళ్లకు చేరడం లేదు. అందులో మన రెండు రాష్ట్రాల్లో బాగా వాడే మందుల పేర్లు, బ్యాచ్ నంబర్లు నెలకోసారి జిల్లా పేజీలో ఒక చిన్న పెట్టెలో వేయండి. బిల్లు దాచుకున్న పాఠకులు తమ ఇంట్లోని షీటుతో ఆ నంబరు సరిచూసుకుంటారు.

— ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టు, హనుమకొండ