పంపు పెడితే సూదులుండవా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో 'టైప్ 1 షుగర్ పిల్లలకు సూదుల నుంచి విముక్తి' అంటూ ఇన్సులిన్ పంపు గురించి వేశారు. (టైప్ 1 అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాక రోజూ బయటి నుంచి ఎక్కించుకోవాల్సిన షుగర్. పంపు అంటే నడుముకి పెట్టుకుంటే కొద్దికొద్దిగా ఇన్సులిన్ ఎక్కించే చిన్న మిషన్.) చదివి ఊరుకుందామనే అనుకున్నాను. ఈ నాలుగు రోజుల్లో ఆరుగురు చుట్టాలు ఫోన్ చేసి "ఇంకేం, మీవాడికి బాధ తీరిపోయిందిగా" అన్నాక రాయక తప్పలేదు.

మావాడికి పదహారేళ్లు. ఆరో ఏట నుంచి రోజుకి నాలుగైదు ఇంజెక్షన్లు. రెండేళ్ల కిందట పంపుకి మారాడు. పంపు మంచిదే, కాదనను. ఇన్సులిన్ పెన్నుతో (పెన్నులా ఉండే ఇంజెక్షన్) అర యూనిట్‌కి తక్కువ వేయలేం, ఇది 0.05 చొప్పున కూడా ఇస్తుంది. అర్ధరాత్రి షుగర్ డౌన్ అయి చెమటలతో లేవడం బాగా తగ్గింది. కానీ విముక్తి ఎక్కడుందండీ? రెండు మూడు రోజులకోసారి పొట్ట మీద సెట్ (పంపు నుంచి ఒంట్లోకి ఇన్సులిన్ వెళ్లే గొట్టం) మార్చాలి, అది ఎక్కించేది సూదితోనే. ఎంత అన్నం తింటున్నాడో లెక్కగట్టి మీట నొక్కాల్సిందీ మనమే.

మొన్నీమధ్య తెల్లవారుజామున మూడింటికి పంపు కూత పెట్టింది. చూస్తే షుగర్ 418కి ఎగబాకింది. సెట్ పీకితే లోపలి సన్న గొట్టం మడత పడి ఉంది. పంపులో పోసేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే, అది ఆగితే ఒంట్లో నిల్వ ఉండదు, కొన్ని గంటల్లో కీటోన్లనే ప్రమాదకరమైన ఆమ్లాలు రక్తంలో పెరుగుతాయి. మళ్లీ పాత పెన్నే దిక్కయింది. ఈ ముక్క మీ వార్తలో ఒక్క లైను లేదు.

ఇక ఖర్చు. 'కొంచెం ఖరీదు' అని తేల్చేశారు. మాకు మిషన్‌కే నాలుగు లక్షల పైన అయింది, పుస్తెలతాడు తాకట్టులో ఉంది. సెట్లకీ, ఇన్సులిన్ నింపే రిజర్వాయర్లకీ నెలకి పన్నెండు వేలు, ఒంటికి అంటించుకుంటే షుగర్ చూపించే సెన్సార్లు వేరే. ఆసుపత్రిలో పడుకోబెడితేనే ఇస్తామంది ఇన్సూరెన్సు కంపెనీ. అంటే వాడు పడిపోయేదాకా ఆగాలన్నమాట. వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్‌కి వెళ్తే కౌంటర్లో ఆయన మావాణ్ని ఎగాదిగా చూసి "బాగానే ఉన్నాడుగా" అన్నాడు. ఆయన్ని అని ఏం లాభం, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో రాసిన 21 వైకల్యాల్లో తలసేమియా, హీమోఫీలియా లాంటి రక్త జబ్బులు ఉన్నాయి గానీ టైప్ 1 లేదు.

కేరళలో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వ పథకమే ఉంది. పేరు 'మిఠాయి'! షుగర్ పిల్లల పథకానికి ఆ పేరు పెట్టే సరసమూ, పెన్నులూ పంపులూ ఇచ్చే మనసూ వాళ్లకున్నాయి. మనవాళ్లకి ప్రపంచ మధుమేహ దినం నాడు ర్యాలీ తీసి, టోపీలు పంచి, ఫొటో దిగితే సరిపోతుంది.

టెన్త్ పరీక్షలో ఇన్విజిలేటర్ నడుముకున్న పంపు చూసి, కాపీ కొట్టే బ్లూటూత్ అనుకుని తీసి బల్లమీద పెట్టమన్నాడు. డాక్టరు చీటీ చూపిస్తే "ఇలాంటివి చాలా చూశాం" అన్నాడట. చివరికి చీఫ్ సూపరింటెండెంట్ వచ్చి వదిలిపెట్టేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. షుగర్ పిల్లలు హాల్లోకి తినుబండారాలు తెచ్చుకోవచ్చని 2017లోనే ఉత్తర్వు ఇచ్చింది సీబీఎస్‌ఈ. మావాడిది స్టేట్ సిలబస్, వాడి షుగర్‌కి ఆ సంగతి తెలియదు పాపం.

ఇంకో మాట. మీ ఫొటోలో పాప చేతికున్న తెల్లటి గుండ్రటి బిళ్ల కింద 'ఇన్సులిన్ పంపు' అని వేశారు. అది సెన్సార్.

— ఓ తల్లి, గుంటూరు జిల్లా