టైంషీట్‌కెక్కని గంటలు

సంపాదకులకు,

ఐటీ ఉద్యోగుల పని గంటల మీద చర్చ ఎప్పుడొచ్చినా వారానికి 70 గంటలా, 90 గంటలా అన్న కంపెనీల పెద్దల మాటల చుట్టూనే తిరుగుతోంది. ఇప్పటికే చేస్తున్న గంటలు ఏ రికార్డులోనూ ఉండటం లేదన్న సంగతి ఎవరికీ పట్టడం లేదు.

వాణిజ్య సంస్థలకు తెలంగాణ ప్రభుత్వం 2025 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు రోజుకు 10 గంటల వరకు పనికి అనుమతిచ్చింది. వారానికి 48 దాటితే ఓవర్‌టైం ఇవ్వాలంది. అది కూడా మూడు నెలల్లో 144 గంటలకు మించకూడదు. వారానికి 60 గంటలు చేసే మనిషికి ఈ 144 పన్నెండు వారాల్లో అయిపోతాయి. పదమూడో వారమూ అలాగే చేయిస్తే, డబ్బిచ్చినా ఉల్లంఘనే. సాఫ్ట్‌వేర్ రిలీజ్ ముందు మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో 60 గంటలు వింతేమీ కాదు.

ఓవర్‌టైంకు రేటు రెట్టింపు. నెలకు 60 వేల జీతాన్ని 26 రోజులు, 8 గంటల చొప్పున లెక్కిస్తే గంటకు సుమారు 288 రూపాయలు, ఓవర్‌టైంకు 577. వారానికి 12 గంటలు అదనమైతే నాలుగు వారాలకు 27 వేలు దాటుతుంది. ఇది చేతికి రాకపోవడానికి మొదటి కారణం, ఏ పనికి ఎన్ని గంటలు పట్టాయో ఉద్యోగి నింపే టైంషీటే.

చాలా ప్రాజెక్టుల్లో క్లయింటుకు వేసే బిల్లు మనిషికి రోజుకు 8 గంటలకే. తొమ్మిదో గంట వేస్తే షీటు వెనక్కొస్తుంది. మొత్తం ధర ముందే ఖాయం చేసుకునే ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టుల్లో అయితే ఇంకా అన్యాయం: లాభం తగ్గుతుందని, ఎస్టిమేట్‌లో ఎన్ని గంటలుంటే అన్నే వేయమంటారు. ఆ దొంగ లెక్కే మరుసటి ప్రాజెక్టు ఎస్టిమేట్‌కు ఆధారం అవుతుంది. ఆరుగురి పనికి నలుగురినే ఇస్తారు. మళ్లీ అవే రాత్రులు, అవే శనివారాలు.

కంపెనీకి ఈ గంటలు తెలియక కాదు. యాక్సెస్ కార్డు స్వైప్‌లో 9 గంటల కంటే తగ్గితే హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తుంది. అదే కార్డు 13 గంటలు చూపిస్తే ఎవరూ అడగరు.

పనితీరుకు రేటింగ్ ఇచ్చే అప్రైజల్‌లోనైనా న్యాయం జరుగుతుందా అంటే, టాప్ రేటింగ్ ఇంతమందికే అని ముందే కోటా ఉంటుంది. టీమంతా వీకెండ్లు పనిచేసినా ఒకరిద్దరికే దక్కుతుంది. సెలవు రోజు పనికి బదులుగా ఇచ్చే సెలవు, అంటే కాంప్-ఆఫ్, గడువులోగా వాడకపోతే పోతుంది, వాడుకుందామంటే ప్రాజెక్టు వదలదు.

ఉద్యోగులు చేయగలిగింది కొంత ఉంది. సెలవు రోజు పని నోటిమాట మీద ఒప్పుకోకుండా మెయిల్‌లో అడగాలి. కాంప్-ఆఫ్ పోర్టల్‌లోనే పెట్టాలి. తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, ఆ పనికిచ్చిన టికెట్ నంబరు సొంత డైరీలో ఏ రోజుకారోజు రాసుకోవాలి. అంతకుమించి ఆఫీసు సమాచారమేదీ దగ్గర పెట్టుకోవద్దు. ఆఫీసు మెయిళ్లను సొంత మెయిల్‌కు పంపుకుంటే డేటా బయటికి పంపారన్న పేరుతో ఉద్యోగమే పోవచ్చు.

మిగతాది కార్మిక శాఖ చేతిలో ఉంది. స్వైప్ వివరాలనూ, ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే వీపీఎన్ లాగిన్ వివరాలనూ పని గంటల రిజిస్టరుగా గుర్తించి, వాటి ప్రతి నెలనెలా ఉద్యోగికి అందేలా ఆదేశించాలి. తనిఖీలో టైంషీటుతో పోల్చి చూడాలి. కింద ఒక్కరి సెలవు కూడా మంజూరు చేసే అధికారం లేని వాళ్లకు ‘లీడ్’, ‘అసిస్టెంట్ మేనేజర్’ అని పేరు పెట్టి, మేనేజ్‌మెంట్ హోదా కింద ఓవర్‌టైం ఎగ్గొట్టే పద్ధతిని కూడా ఆ తనిఖీలోనే తేల్చాలి.

– ఒక ఐటీ ఉద్యోగి, హైదరాబాద్