మన గోళీల సంఘం: ఈ ఏడాది నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఒహాయోలోనూ పక్క రాష్ట్రాల్లోనూ ఉంటూ, మెషీన్‌తో చేసిన పాత గాజు గోళీలు సేకరిస్తున్న మన తెలుగు కుటుంబాలకు కార్యవర్గం ఈ నివేదిక సమర్పిస్తోంది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు ఇప్పటికే విడిగా పంపారు కాబట్టి ఆ వివరాలు మళ్ళీ రాయడం లేదు.

ఈ ఏడాది సమావేశాల్లో ఎక్కువ భాగం గుర్తింపు పాఠాలకే కేటాయించాం. "ఈ గోళీ ఏ ఫ్యాక్టరీది?" అని అడగని సభ్యులు లేరు. మనలో చాలామంది రంగు చూసి ఊరూ పేరూ చెప్పేస్తుంటారు. కానీ అదే రంగుల గాజు నాలుగైదు ఫ్యాక్టరీలు వాడాయి. అందుకే ముందు గాజును ఎక్కడ కోశారో, ఎలా తిప్పారో చూడటం అలవాటు చేసుకుందామని పాఠాలన్నీ ఆ వరసలోనే నడిపాం.

మొదటి పాఠం చేతి గోళీకీ మెషీన్ గోళీకీ తేడా. గాజు కడ్డీ నుంచి విరిచినప్పుడు మిగిలే గరుకు మచ్చ ఉంటే అది చేత్తో చేసింది, చాలావరకు జర్మనీలోని లౌషా వైపుది. మెషీన్ గోళీకి ఆ మచ్చ ఉండదు. ఒహాయోలోని యాక్రన్‌లో మార్టిన్ క్రిస్టెన్‌సెన్ 1905లో పేటెంట్ పొందిన మెషీన్ వేడి గాజు ముద్దను దొర్లించి గుండ్రంగా చేసేది. అయితే కొలిమిలోంచి గాజును తీసేది మాత్రం మనిషే. కడ్డీ తిప్పుతూ గాజును ధారగా వదులుతుంటే కత్తెరతో ముక్క కోసేవారు. ఆ చెయ్యి తిరిగిన తీరు గాజులో అలాగే గడ్డకట్టింది. ఒక కొసన 9 అంకెలాంటి మెలిక, రెండో కొసన కత్తెర కోసిన చోట తోక. ఒక సభ్యురాలు తెచ్చిన ఊదారంగు స్లాగ్ గోళీని (రంగు గాజులో తెల్ల గాజు మెలికలు కలిసినది) భూతద్దం కింద పెట్టి ఆ 9ని చూపించినప్పుడు గది గదంతా బల్ల చుట్టూ చేరింది. వందేళ్ళ కిందటి ఒక కార్మికుడి మణికట్టు కదలికను మనం చూస్తున్నామన్న ఆనందం ధరల గురించి మాట్లాడుకున్నప్పుడు రాదు.

క్రిస్టెన్‌సెన్ కంపెనీ 1917లో, మొదటి ప్రపంచయుద్ధ కాలపు గ్యాసు కొరతతో మూతపడింది. యాక్రన్‌లోనే మొదలైన ఆక్రో అగేట్ అనే గోళీల కంపెనీ అప్పటికే 1914లో వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌కు మారిపోయింది. అక్కడ సహజవాయువు, గాజుకు పనికొచ్చే ఇసుక దండిగా దొరికేవి. 1951లో మూతపడే వరకు ఆక్రో చేసిన గోళీల్లో మనవాళ్ళకు బాగా నచ్చేది కార్క్‌స్క్రూ. రంగు చార ఒక కొసన మొదలై గోళీ చుట్టూ మెలిక తిరుగుతూ రెండో కొసన ఆగుతుంది. గాజు ధార కిందకు జారుతున్నప్పుడు తిప్పడం వల్ల వచ్చిన మెలిక అది. ఇల్లినాయ్‌లోని ఒటావాలో పెల్టియర్ కంపెనీ చేసిన రెయిన్‌బో గోళీల్లో చారలు అలా మెలిక పడవు, గోళీ మీద పట్టీల్లా పరుచుకుంటాయి, రెండు అతుకులు కనిపిస్తాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు మళ్ళీ పొరపడరు.

పేరు దగ్గర మాత్రం ఇంకా గందరగోళం ఉంది. ఒహాయోలోని కేంబ్రిడ్జ్‌లో గోళీలు చేసిన క్రిస్టెన్‌సెన్ అగేట్ కంపెనీకీ యాక్రన్ క్రిస్టెన్‌సెన్‌కూ సంబంధం లేదు. క్రిస్టెన్‌సెన్ అగేట్ 1925లో మొదలై 1930ల మొదట్లోనే ఆగిపోయింది. కళ్ళు జిగేల్‌మనే రంగులకు ఇది పేరుపొందింది. పైన రంగు చుక్కలు చల్లినట్టుండే గినీ గోళీలు వీళ్ళవే. ధర ఎక్కువ, నకళ్ళూ ఎక్కువే. తెలిసినవాళ్ళకు చూపించకుండా గినీ కొనవద్దని సభ్యులకు గట్టి విన్నపం.

వేసవిలో 77వ నంబరు హైవే మీద యాక్రన్ నుంచి కేంబ్రిడ్జ్ మీదుగా పార్కర్స్‌బర్గ్ దాకా యాత్ర చేశాం. అక్కడి నుంచి ఒహాయో నది వెంట వెస్ట్ వర్జీనియాలోని పేడెన్ సిటీకి వెళ్ళాం. మార్బుల్ కింగ్ అనే గోళీల కంపెనీ 1949లో సెయింట్ మేరీస్‌లో మొదలై, అగ్నిప్రమాదం తర్వాత 1958లో ఈ ఊరికి వచ్చింది. పసుపు-నలుపు రంగుల బంబుల్‌బీ గోళీలు, ఎరుపు-నలుపు రంగుల వాస్ప్ గోళీలు ఈ కంపెనీవే. ఇవి తక్కువ ధరకే దొరుకుతాయి కాబట్టి పిల్లల సేకరణ వీటితో మొదలుపెట్టించండి. పాత ఫ్యాక్టరీల స్థలాల్లో గోళీలు తవ్వుకోవాలని కొందరు ఉత్సాహపడ్డారు. స్థలం యజమాని అనుమతి లేకుండా ఒక్క గాజు ముక్క కూడా తీయకూడదన్నది కార్యవర్గం నిర్ణయం.

యాత్ర చివర పార్కులో పిల్లలతో రింగర్ అనే గోళీల ఆట ఆడించాం. పది అడుగుల వలయం మధ్యలో పదమూడు గోళీలు, ముందుగా ఏడు బయటికి కొట్టినవాళ్ళు గెలిచినట్టు. పెద్దలు మన ఊళ్ళలోలాగా మధ్యవేలు వెనక్కి వంచి కొట్టారు, పిల్లలు ఇక్కడి పద్ధతిలో నేలకు వేలి కణుపు ఆన్చి బొటనవేలితో కొట్టారు. పిల్లలే గెలిచారు.

ఒక ఫిర్యాదు గురించి చెప్పాలి. మన సభ్యులొకరు ఆన్‌లైన్‌లో మింట్ (అంటే దెబ్బ, గీత లేని కొత్తదానిలాంటిది) అని చెప్పిన కార్క్‌స్క్రూ కొన్నారు. చేతికొచ్చాక చూస్తే అది పాలిష్ చేసిన గోళీ. అమ్మినవారు డబ్బు వాపసు ఇవ్వలేదు. పాలిష్ పడితే పైపొర అరిగి, కోత గీత మాసిపోతుంది. ఒళ్ళంతా ఒకే రకంగా తళతళలాడుతుంది. గీత ఉన్న వైపు దగ్గరి ఫొటో అడగండి, పంపకపోతే కొనకండి. అలాగే యూవీ లైటు కింద పచ్చగా మెరిస్తే యురేనియం కలిపిన గాజని మాత్రమే తెలుస్తుంది, ఏ ఫ్యాక్టరీదో తెలియదు. మెరుపు చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

వచ్చే ఏడాదికి ఒకే పెద్ద పని పెట్టుకున్నాం. ప్రతి సభ్యుడి దగ్గరున్న గోళీలకు రిజిస్టర్ రాయడం. ఎక్కడ, ఎవరి దగ్గర, ఏ డబ్బాలో దొరికిందో మూడు ముక్కల్లో రాసిపెట్టండి. ఒకే ఇంట్లో దొరికిన డబ్బాను రంగులవారీగా విడదీసేస్తే ఆ గోళీలు ఏ కాలానివో చెప్పే ఆధారం పోతుంది. ఫ్యాక్టరీ తేలని గోళీకి "తెలియదు" అనే రాయండి, ఊహించిన పేరు రాయవద్దు. రిజిస్టర్ నమూనా ఈ నివేదికతో జతచేశాం. నింపిన కాగితాలను, కార్యవర్గ ఎన్నికల నామినేషన్లను సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి