ముందు ఆ రెండు స్టిక్కులు తీసి చూడు, నాయనా

తెనాలి,
ఆదివారం ఉదయం.

చిరంజీవి సుధీర్‌కు నాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నీ క్షేమం తెలిసి ఇరవై రెండు రోజులైంది. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. వాట్సాప్‌లో నేను పెట్టినవి నువ్వు చదివినట్టు నీలం గుర్తులు పడుతున్నాయి గానీ జవాబు రావడం లేదు. పని ఒత్తిడిలో ఉండి ఉంటాడులే అని మీ అమ్మకు చెబుతున్నాను. అయితే ఈ ఉత్తరం ఆ సంగతి గురించి కాదు, నీ కంప్యూటర్ గురించి. బుజ్జి రేపు తెల్లవారుజామున హైదరాబాదు బయలుదేరుతున్నాడు కాబట్టి అతని చేతికే ఇచ్చి పంపుతున్నాను.

దసరాకు వచ్చినప్పుడు, ఆట మధ్యలో తెర నీలంగా మారిపోయి కంప్యూటర్ దానంతట అదే మళ్లీ మొదలవుతోందని చెప్పి, నువ్వు తీసిన మూడు ఫోటోలు నాకు పంపావు. అప్పుడు వాటిలో ఏముందో నాకు అర్థం కాలేదు. పండగ పూట భోజనాల దగ్గర నేను అన్న మాట నీ మనసులో ఉండిపోయిందేమో. అది నేను అనకుండా ఉండవలసిన మాట. నువ్వు వెళ్లాక ఆ ఫోటోలను పెద్దవి చేసుకుని, ఒక్కో అక్షరమూ నోటుపుస్తకంలో ఎక్కించుకుని, మన పాత కొట్టు మెట్ల కింద సర్వీసు సెంటరు పెట్టుకున్న అంజి దగ్గర మూడు సాయంత్రాలు కూర్చున్నాను. పేర్లు మారాయి గానీ, లోపం వెతికే పద్ధతి నేను ముప్పై ఏళ్లు టీవీలకు చేసిందే.

ముందుగా నీ భయం పోవాలి. నీలి తెర వచ్చిందంటే కంప్యూటర్ పాడైపోయిందని కాదు. లోపల విండోస్ నడిచే అసలు భాగంలో, అంటే కెర్నల్‌లో, తాను సర్దుకోలేని తప్పు ఎదురైనప్పుడు, అలాగే ముందుకు పోతే నీ ఫైళ్లు చెడిపోతాయని అది కావాలనే ఆగిపోతుంది. మన మీటరు బోర్డులో ఫ్యూజు ఎగిరిపోవడం లాంటిదే. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా 85 లక్షల కంప్యూటర్ల మీద ప్రభావం పడిందని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అన్ని యంత్రాలు ఆగిపోయింది లోపల భాగాలు కాలిపోయి కాదు. కాబట్టి తెర నీలంగా కనిపించగానే ఏదో కొత్తది కొనాలని పరుగెత్తకూడదు.

ఇప్పుడు నీ ఫోటోల విషయానికి వస్తాను. మొదటిదాని మీద మెమరీ మేనేజ్‌మెంట్ అని ఉంది. రెండోదాని మీద ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ అనీ, మూడోదాని మీద పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా అనీ ఉన్నాయి. ఒకే డ్రైవర్, అంటే ఒక భాగాన్ని విండోస్‌తో కలిపి నడిపించే ప్రోగ్రాము, తప్పు చేస్తుంటే చాలాసార్లు ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుందట, కింద ఆ ఫైలు పేరు కూడా కనిపిస్తుందట. రోజుకొక మాట, అదీ మెమరీకి సంబంధించిన మాటే వస్తుంటే, ముందుగా ర్యామ్‌ను, అంటే పని జరుగుతున్నంతసేపు కంప్యూటర్ లెక్కలు పెట్టుకునే మెమరీ స్టిక్కులను, అనుమానించాలని అంజి అన్నాడు. అప్పుడు నాకు ఒక్కసారిగా గుర్తుకు వచ్చింది. పండగకు ముందు చౌకగా దొరికాయని ఇంకో 16 జీబీ కొని, పాత రెండు స్టిక్కుల పక్కనే మరో రెండు వేశానని నువ్వే మీ అమ్మతో చెప్పావు. దానికి ముందు ఏడాదిన్నరపాటు ఆ కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు కదా?

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మొన్న నాగమణి అత్త వచ్చి, నువ్వు కొత్త గ్రాఫిక్స్ కార్డు కోసం చంటి బావను 40 వేలు అడిగావని చెప్పింది. నిజమో కాదో నాకు తెలియదు. బావ మంచివాడే, అడిగితే ఇస్తాడు. నన్ను అడగవచ్చు కదా అన్నది వేరే విషయం, దాన్ని ఇక్కడ తీసుకురాను. కానీ ఆ కార్డు చేసిన తప్పేమిటో నాకు చెప్పు. కార్డు రెండు సెకన్లలోపు జవాబు ఇవ్వకపోతే విండోస్ దాన్ని మళ్లీ మొదలుపెట్టాలని చూస్తుందనీ, అది కుదరనప్పుడు వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అనే మాట వస్తుందనీ అంజి చూపించాడు. నీ మూడు ఫోటోలలో ఆ మాట ఎక్కడా లేదు. అసలు తెర మీద వచ్చిన మాట కూడా ఒక్కోసారి దారి తప్పిస్తుంది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్నింటిలో వోల్టేజీ వల్ల లోపం వస్తోందని 2024లో ఆ సంస్థే ఒప్పుకుని వారంటీని రెండేళ్లు పొడిగించింది. అంతకుముందు ఆ కంప్యూటర్లలో కొన్ని ఆటలు వీడియో మెమరీ చాలడం లేదని చెప్పి ఆగిపోయేవట. లోపం ప్రాసెసర్‌లో ఉంటే నింద కార్డు మీద పడింది. నీది ఇంటెల్ కాదు, ఏఎండీ వారి రైజెన్ 5600ఎక్స్ కాబట్టి ఆ భయం నీకు లేదు.

నీకు కరణం గారి టీవీ సంగతి ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మీ అమ్మకు మాత్రమే తెలుసు. 1996లో ప్రపంచ కప్పు జరుగుతున్నప్పుడు, వారి కలర్ టీవీ అరగంటో ముప్పావుగంటో ఆడి బొమ్మ పోయేది. కాసేపు ఆపి పెడితే మళ్లీ వచ్చేది. నేను కొట్టు పెట్టి అప్పటికి రెండేళ్లు. వెళ్లి చూసి ఈహెచ్‌టీ, అంటే పిక్చర్ ట్యూబుకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్, పోయిందన్నాను. గుంటూరు వెళ్లి కొత్తది తెచ్చి వేశాను. దానితోపాటు ఎందుకైనా మంచిదని బీయూ 508 ట్రాన్సిస్టర్ కూడా అదే పూట మార్చేశాను. ఆ రోజు గంటన్నర ఆడింది. నా పని అయిపోయిందనుకుని డబ్బు తీసుకున్నాను. మార్చి 13న కలకత్తాలో శ్రీలంకతో సెమీఫైనల్. వారి వాకిట్లో చాపలు పరుచుకుని నలభై మంది దాకా కూర్చున్నారు. మన జట్టు స్కోరు 98 దగ్గర టెండూల్కర్ స్టంపౌట్ అయ్యాడు. అందరూ అయ్యో అంటుండగానే తెర మధ్యలో ఒక తెల్లటి గీత మెరిసి బొమ్మ పోయింది. కరణం గారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన అనకపోవడమే నాకు ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు పొద్దున్నే నాకు పని నేర్పిన మేస్త్రీ గారిని బతిమాలి తీసుకువెళ్లాను. ఆయన వెనక మూత విప్పి, టీవీ ఆడుతుండగానే స్క్రూడ్రైవర్ చెక్క పిడితో బోర్డు మీద ఒక్కోచోట మెల్లగా తట్టుకుంటూ వచ్చారు. ఒకచోట తట్టగానే బొమ్మ వణికింది. స్విచ్చి ఆపి, బోర్డు తిరగేసి, టార్చి దగ్గరగా పట్టుకుని చూడమన్నారు. చిన్న డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలు చుట్టూ సీసంలో వెంట్రుక మందాన నల్లటి వలయం. డ్రై సోల్డర్. చల్లగా ఉన్నప్పుడు అతుక్కుని, వేడెక్కగానే విడిపోయేది. ఒక్క చుక్క సీసం పెట్టి ఆయన చేతులు తుడుచుకున్నారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, రెండు భాగాలూ ఒకేసారి ఎందుకు మార్చావని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. కరణం గారి దగ్గర తీసుకున్న 900 రూపాయలు మూడు నెలల్లో తిరిగి ఇచ్చాను. ఆ మూడు నెలలూ మీ అమ్మ ఎలా నెట్టుకొచ్చిందో ఆమెనే అడుగు.

అందుకని నువ్వు చేయవలసింది చెబుతాను, విసుక్కోకుండా చదువు. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పూర్తిగా ఊడబీకి, మిగిలిన కరెంటు దిగిపోయేలా పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకో. క్యాబినెట్ ఇనుమును ఒకసారి చేత్తో తాకిన తర్వాతనే లోపల చెయ్యి పెట్టు. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఏ కారణంతోనూ విప్పకు, ప్లగ్గు తీసినా దాని కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. కొత్తగా వేసిన రెండు స్టిక్కులూ తీసి పక్కన పెట్టు. పాత రెండూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో గాడిలో ఉండాలి. రెండు వైపులా టక్కుమని చప్పుడు వచ్చేదాకా నొక్కాలి. ఇంకేదీ మార్చకు. డ్రైవర్ కొత్తది వేయకు, బయాస్ జోలికి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల జోలికి, పోకు, విండోస్ తిరిగి వేయకు. ఎప్పుడూ ఆడే ఆటే నాలుగు రోజులు ఆడు. తెర నీలంగా మారకపోతే సగం తెలిసినట్టే.

అప్పుడు కొత్త రెండింటినే అవే గాడుల్లో పెట్టి, నేను పంపుతున్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చెయ్యి. అంజి అందులో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఎక్కించి ఇచ్చాడు. నాలుగు విడతలు పూర్తయ్యేదాకా రాత్రంతా వదిలేసి, నువ్వు పడుకో. దాని ముందు కూర్చోవద్దు. పొద్దున్న ఒక్క ఎర్ర గీత కనిపించినా, అది ఒక్కటే కదా అనుకోకు. ఇక స్టిక్కులు ఒక్కొక్కటిగా పరీక్షించి ఏది చెడ్డదో పట్టుకుని వారంటీలో ఇచ్చెయ్యి. బిల్లు దాచావా? విడివిడిగా రెండు జతలూ బాగుండి, కలిపితేనే తప్పు వస్తుంటే, అప్పుడు దోషం జత కుదరకపోవడంలో ఉన్నట్టు. నీ ప్రాసెసర్‌కు తయారీదారు చెప్పిన ర్యామ్ వేగం 3200. నువ్వు ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగు పెట్టి 3600లో నడుపుతున్నావు, పైగా నాలుగు స్టిక్కులతో. అది ఆపి మామూలు వేగంలో చూడు. ఒకే డబ్బాలో జతగా అమ్మినవి తప్ప, పేరు ఒకటే అయినా వేర్వేరు సమయాల్లో కొన్నవి కలిసి నడుస్తాయన్న హామీ లేదని అంజి గట్టిగా చెప్పాడు.

ఇంకో సంగతి. చంటి బావ నీ గదిలో తీసిన ఫోటో అత్త ఫోనులో చూశాను. నువ్వు చిక్కిపోయావు. నీ వెనక కిటికీ కింద తెల్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉంది చూడు, దాన్ని పెద్దది చేసి చూశాను. ఒక రంధ్రం చుట్టూ గోధుమ రంగు మరక ఉంది. అక్కడ ప్లగ్గు వదులై వేడెక్కుతోంది. కంప్యూటర్, మానిటర్, ఇస్త్రీపెట్టె అన్నీ దానికే పెట్టావా? ఈరోజే దాన్ని తీసి పారెయ్యి. పక్కనున్న యూపీఎస్ మీద 600 వీఏ అని ఉంటే అది 600 వాట్లనుకోకు. అలాంటి వాటిలో చాలావరకు మోయగలిగేది 360 వాట్లే. నీ 3060 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 170 వాట్లు లాగుతుంది. ఆట జోరుగా ఉన్నప్పుడు కరెంటు పోతే అది చేతులెత్తేయవచ్చు. ఎప్పుడైనా నీలి తెర లేకుండానే టప్పున ఆరిపోతోందా? విండోస్ జరిగినవన్నీ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని ఉండి, వివరాల్లో బగ్‌చెక్ కోడ్, అంటే నీలి తెర తప్పు నంబరు, సున్నా ఉంటే, చాలాసార్లు అది కరెంటు వైపు లోపం. దాన్నీ నీలి తెరనూ ఒకే గాటన కట్టవద్దు. నోటుపుస్తకంలో తారీఖు, సమయం, ఏ ఆట, ఏ మాట వచ్చింది, అప్పుడు కరెంటు ఉందా లేదా అన్నది రాసిపెట్టు. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది. నీలి తెర వచ్చినప్పటి వివరాల ఫైళ్లు అందులో పడతాయి, అవి అంజికి పంపితే తెరిచి చూస్తానన్నాడు. వేడి సంగతి నేను పెద్దగా రాయడం లేదు. ఇప్పుడు చలికాలం, పైగా నీకు ఆట మొదలుపెట్టిన ఐదు నిమిషాలకే వస్తోందన్నావు.

నానమ్మ మాటలు రికార్డు చేసినవి ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి కదా? ర్యామ్ తప్పుగా ఉన్నప్పుడు కాపీ చేసిన ఫైలు కూడా తప్పుగా పడవచ్చు. ఆ రెండు స్టిక్కులు తీశాకనే వాటిని వేరే డిస్కులోకి ఎక్కించి, ఒక్కోటి చివరిదాకా విని చూడు. ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ అనే విండోస్ మరమ్మతు కూడా ఆ తర్వాతే చెయ్యి, ముందు కాదు. నానమ్మ పాలవెల్లి పాట పాడింది ఒక్కచోటే ఉంది, అది పోకూడదు.

ఇవన్నీ చేశాక కూడా కార్డే పోయిందని తేలితే, మనిద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. పోస్టాఫీసులో వేసిన డబ్బు ఫిబ్రవరిలో చేతికి వస్తుంది. చంటి బావ దగ్గర ఇప్పటికే తీసుకుని ఉంటే అదీ చెప్పు, నేను కోప్పడను. పండగనాడు ఆ మాట అన్నాక రాత్రి నీ గది తలుపు దాకా వచ్చి వెనక్కి వెళ్లాను. లోపల లైటు వెలుగుతూనే ఉంది.

పెన్‌డ్రైవ్ ఎర్ర కాగితంలో చుట్టి, గోంగూర పచ్చడి సీసాకు దూరంగా పై అరలో పెట్టాం. నూనె తగలకుండా తీసుకో. మినపసున్ని నీకొక్కడికే, గదిలో అందరికీ పంచేసి నువ్వు పస్తుండకు. పరీక్ష పెట్టిన రాత్రి ఎంత పొద్దుపోయినా ఒక్కసారి ఫోను చెయ్యి, నేను మేలుకునే ఉంటాను. తెర మీద ఏముందో నువ్వు చదువుతుంటే నేను రాసుకుంటాను.

ఆశీస్సులతో,
నాన్న