గోధుమ రంగు వైరు

పాలకొల్లు,
ఆషాఢ మాసం.

చి. సౌ. అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. కాలువలకు నీళ్ళు వదిలారు, ఊడ్పులు మొదలయ్యాయి. నువ్వు ఫోనులో పంపిన మీ పాత వ్యాను వైరింగ్ పటం నా కళ్ళకు ఆనక, జిరాక్సు షాపులో పెద్ద కాగితం మీద తీయించాను. రెండు రోజులుగా అది నట్టింట్లో పరిచి ఉంది. మీ అమ్మ దాన్ని దాటుకుంటూ, నన్ను తిట్టుకుంటూ తిరుగుతోంది. ఫోనులో చెబితే సగం నీకు వినబడదు, మిగతా సగం నువ్వు అల్లుడుగారికి చెప్పేలోపు మారిపోతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మీరు కొన్నది 1975 నాటి ఫోక్స్‌వ్యాగన్ వ్యాను. ఎన్ని చేతులు మారిందో గానీ చివరికి పుట్టింటికే చేరింది. ఆ కంపెనీ 1956 నుంచి ఈ రకం వ్యాన్లు జర్మనీలోని మీ హానోవర్‌లోనే తయారు చేసిందని నువ్వే చెప్పావు కదా. నేను ఆ బండిని ఎన్నడూ ముట్టుకోలేదు. అయినా పటం చూస్తుంటే పాత చుట్టాన్ని చూసినట్టే ఉంది. ఎందుకో చెబుతాను.

బండ్ల కరెంటు పనులు చేసే మన షాపులో రిలేలు గుర్తున్నాయా? చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు. నల్లటి చిన్న డబ్బాలు, అడుగున 30, 85, 86, 87 అని అంకెలు. చిన్నప్పుడు నువ్వు వాటితో కూడికలు చేసేదానివి. ఆ అంకెలు ఎవరు పెట్టారో ఇన్నేళ్ళలో నేను ఎవరినీ అడగలేదు. అవి జర్మనీ వాళ్ళ అంకెలట. నీ పటం నిండా అవే. 30 అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే కరెంటు, 15 అంటే తాళం తిప్పితే వచ్చేది, 31 అంటే ఎర్త్, కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి పోయే దారి, 50 అంటే ఇంజనును తిప్పి లేపే సెల్ఫ్‌కు వెళ్ళేది. ఈ నాలుగూ గోడ మీద రాసిపెట్టుకో. పటంలో మిగతా రాత అర్థం కాకపోయినా పని నడుస్తుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. నేను పని నేర్చుకున్నది అంబాసిడర్ల మీద. అవి బ్రిటిష్ వంశం. ఆ పద్ధతిలో నల్ల వైరు ఎర్త్, గోధుమ రంగు వైరు బ్యాటరీ నుంచి వచ్చే అసలు కరెంటు. మీ బండిలో సరిగ్గా తలకిందులు. గోధుమ రంగే ఎర్త్. ఎరుపు బ్యాటరీ కరెంటు. నలుపు, తాళం తిప్పగానే ప్రాణం వచ్చే వైరు. నల్లటిది కనబడగానే ఎర్త్ అనుకుని బాడీకి బిగించేస్తే, తాళం తిప్పగానే పొగ. నేనే అక్కడ ఉంటే మొదటి రోజే ఆ పని చేసేవాణ్ణి, చెయ్యి అలవాటు అలాంటిది. అల్లుడుగారు ఇంట్లో బల్బులు మార్చిన అనుభవంతో ముందుకు వస్తారేమో, ఆయనకు ముందు ఈ పేరా చదివి వినిపించు.

నువ్వు చెప్పిన మొదటి జబ్బుకు వద్దాం. బ్రేకు తొక్కితే కుడివైపు వెనక లైటు వెలగాల్సినంతగా వెలగదు, పైగా ఎడమవైపు పార్కింగ్ లైటు మిణుకుమంటుంది, డ్యాష్‌బోర్డులో కూడా సన్నటి వెలుగు వస్తుంది అన్నావు. అక్కడి మెకానిక్కు బల్బు మార్చాడు, స్విచ్చి మార్చాడు, డబ్బులు తీసుకున్నాడు. జబ్బు అలాగే ఉంది. అమ్మలూ, నువ్వు ఈ డెల్టాలో పుట్టిన పిల్లవు. మన చేను మునిగినప్పుడు కాలువలో నీళ్ళు ఎక్కువయ్యాయని ఎవరైనా అన్నారా? డ్రైనులో గుర్రపుడెక్క పట్టింది, నీరు లాగడం లేదు అనే కదా అంటారు. బయటికి పోయే దారి మూసుకుంటే నీరు ఊరుకోదు, పక్కవాడి చేలో పడుతుంది. ఇదీ అంతే. ఆ బల్బులో రెండు తీగలుంటాయి, బ్రేకుకు 21 వాట్లది, పార్కింగ్‌కు 5 వాట్లది. రెండింటికీ ఎర్త్ ఒకటే. ఆ ఎర్త్ చెడింది. బ్రేకు కరెంటు బాడీలోకి దిగలేక, చిన్న తీగ గుండా ఎదురెక్కి, పార్కింగ్ లైట్ల బూడిద రంగు వైరు పట్టుకుని ఎడమ లైటు దాకా నడిచి, అక్కడ దిగుతోంది. దారిలో ఉన్న బల్బులన్నీ అందుకే మిణుకుమంటున్నాయి. కొత్త బల్బు వేస్తే ఏం లాభం?

ఇది కంటితో తేల్చుకోవచ్చు. మల్టీమీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టు. ఒక కొస బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఆ బల్బు ఇత్తడి ఒంటి మీద. మీ బండికి ఇంజను వెనకే, బ్యాటరీ దాని పక్కనే, కాబట్టి మీటరు వైరు పొడవు చాలదేమోనని భయం లేదు. అల్లుడుగారిని బ్రేకు తొక్కమను. అంకె సున్నా పక్కనే ఉండాలి. రెండో మూడో వోల్టులు చూపిస్తే, దొంగ దొరికాడు. బల్బు వెలగకుండా కొలిస్తే మాత్రం అంతా బాగున్నట్టే కనబడుతుంది. పది పోగులు తెగి ఒక్క పోగు మిగిలిన వైరు కూడా మీటరుకు నిండా పన్నెండు వోల్టులు చూపిస్తుంది. బరువు పెడితేనే దాని బండారం తెలుస్తుంది. అందుకే నేను ఇప్పటికీ మీటరు కంటే పాత ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు మాటు పెట్టిన టెస్ట్ ల్యాంపునే ముందు తీస్తాను.

తర్వాత ఆ గోధుమ రంగు వైరు ఎక్కడ ముగుస్తుందో అక్కడి దాకా వెళ్ళు. ఒక స్క్రూ కింద లగ్గు, అంటే వైరు కొసన బిగించిన రేకు రింగు, ఉంటుంది. విప్పు. పైకి బాగానే కనబడుతుంది గానీ, లగ్గు అడుగున తెల్లగానో పచ్చగానో పిండి పట్టి ఉంటుంది. గరుకు కాగితంతో లగ్గునూ దాని కింద బాడీ రేకునూ వెండిలా మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, బిగించాక పైన వాజ్‌లైన్ రాయి. ముందే రాయకు.

ఇంకో ఎర్త్ ఉంది, దాన్ని మాత్రం ఈ ఆదివారమే చూడాలి. మీ ఇంజనూ గేరుబాక్సూ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటాయి. రబ్బరులో కరెంటు పారదు. గేరుబాక్సు నుంచి బాడీకి జడలా అల్లిన ఒక పట్టీ ఉంటుంది, సెల్ఫ్ తాగే కరెంటంతా దాని గుండానే తిరిగి రావాలి. అది తెగితే ఏమవుతుందో నేను భీమవరంలో చూశాను. ఒక రొయ్యల వ్యాను. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు కారి కారి ఆ పట్టీ తుప్పుగా రాలిపోయింది. సెల్ఫ్ మూలుగుతోందని బ్యాటరీ మార్చారు, సెల్ఫ్ మార్చారు. చివరికి డ్రైవరు వచ్చి "మేస్త్రీగారూ, స్టార్టు చేస్తుంటే యాక్సిలరేటర్ కేబులు కాలుతోంది" అన్నాడు. నేను నవ్వాను. తీరా పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. దారి లేక ఆ కరెంటంతా సన్నటి కేబులు పట్టుకుని ఇంటికి పోతోంది పాపం. మీ వ్యానులో కూడా సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజనుకూ మధ్య కొలువు. అర వోల్టు దాటితే ఆ పట్టీ కొత్తది వేయించు, చవకే.

రెండో జబ్బు, నాలుగు రోజులు ఆపితే బ్యాటరీ పడుకోవడం. ఇది తేలిక, ఓపిక ఉంటే చాలు. అన్నీ ఆపి, నెగెటివ్ విప్పి, మీటరును 10 ఆంపియర్ల మీద మధ్యలో పెట్టు. ఆ స్థితిలో సెల్ఫ్ కొట్టావంటే మీటరు పోతుంది, జాగ్రత్త. పాత బండిలో అంకె దాదాపు సున్నా ఉండాలి. అర ఆంపియరు కారుతుంటే 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ తొంభై గంటల్లో ఖాళీ, అంటే నీ నాలుగు రోజులే. ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ పో. ఏది తీస్తే అంకె పడిపోతుందో ఆ దారిలో ఉంది దొంగ. ముందటి యజమాని తగిలించిన రేడియో మీద నాకు అనుమానం. తీసిన ఫ్యూజు పెట్టేటప్పుడు దాన్ని వేళ్ళతో నాలుగుసార్లు తిప్పు. ఆ పాత రకం ఫ్యూజుల కొసలకు మసి పడుతుంది, ఫ్యూజు బాగానే ఉన్నా కరెంటు పోదు. తెల్లవి 8, ఎర్రవి 16 ఆంపియర్లు. తెల్లది పోయిందని ఎర్రది వేయకు. వెండి కాగితం చుట్టే తెలివితేటలు అసలే వద్దు.

ఛార్జింగ్ సంగతి ఒక్క మాట. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. లేకపోతే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పోయిందని పరుగెత్తకు. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డులో ఛార్జింగ్ ఎర్ర దీపం వెలుగుతోందా చూడు. దాని గుండా వెళ్ళే కరెంటే ఆల్టర్నేటర్‌ను నిద్ర లేపేది. ఆ చిన్న బల్బు మాడిపోయినా ఛార్జింగ్ రాకపోవచ్చు.

చెయ్యి పెట్టే ముందు గాజులూ ఉంగరమూ తీసేయ్. నా ఎడమ ఉంగరం వేలికి చుట్టూ మచ్చ ఉంటుంది చూడు, అది స్పానరుకూ బాడీకీ మధ్య నా పెళ్ళి ఉంగరం ఇరుక్కున్న నాటిది. అప్పటి నుంచి అది మీ అమ్మ పెట్టెలోనే ఉంది. మరో సంగతి, ఇంజను దగ్గరి పెట్రోలు గొట్టాలు పాతవైతే వైర్ల కంటే ముందు వాటిని మార్పించు. పక్కనే బ్యాటరీ ఉంది, నిప్పురవ్వ చాలు.

మూడు అంకెలు కావాలి నాకు. రాత్రంతా ఆపాక పొద్దున్నే బ్యాటరీ వోల్టులు, ఇంజను నడిచేటప్పటి వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజనుకూ నెగెటివ్‌కూ మధ్య వోల్టులు. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే మీకు సాయంత్రం అయిదున్నర, ఇంకా వెలుతురు ఉంటుంది. వ్యాను పక్కన నిలబడి, మీటరు చేతిలో పట్టుకుని ఫోను చెయ్యి. ఇంట్లో కూర్చుని నిన్న ఎంతో వచ్చింది నాన్నా అంటే నేను పెట్టేస్తాను.

మీ నాన్న