గుర్రాల కథల పుస్తకాలు వచ్చాయి, రేట్ల గురించి ముందే చెబుతున్నాను

నమస్కారం. ఇంగ్లండ్ నుంచి రావాల్సిన పాత పిల్లల పుస్తకాల పెట్టె మొత్తానికి చేరింది. గుర్రాల కథలు కావాలని ముందే చెప్పిపెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. రేట్లు చూసి కంగారు పడకముందే సంగతి చెప్పేస్తాను. ఒకే కథ, ఒకే రచయిత్రి. ఒక కాపీ వందల్లో ఉంటే ఇంకొకటి వేలల్లో ఉంటుంది. తేడా అంతా బొమ్మలది. కథ ఎవరు రాశారో కూడా చూడకుండా, కవర్ మీద బాపు సంతకం కనిపించిందని పుస్తకం కొనేసినవాళ్లం కదా మనం. ఇదీ అలాంటి పిచ్చే.

'బ్లాక్ బ్యూటీ' అనేది ఒక నల్ల గుర్రం కథ, 1877 నాటి నవల. లెక్కలేనన్ని ముద్రణలు వచ్చాయి. సేకరించేవాళ్లు ఎగబడేది మాత్రం లండన్‌లో డెంట్ సంస్థ 1915లో వేసినదాని కోసం. దానికి బొమ్మలు వేసింది లూసీ కెంప్-వెల్చ్. ఆవిడ గుర్రాన్ని ఎదురుగా పెట్టుకుని వేసే మనిషి. ఈ పుస్తకానికి మోడల్‌గా నిలబడిన గుర్రం పేరు బ్లాక్ ప్రిన్స్. స్కౌట్స్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పావెల్ తన గుర్రాన్నే ఆవిడకు ఇచ్చారు. అందుకేనేమో, ఆ నలుపు ఒట్టి నలుపులా అనిపించదు. వెలుగు పడ్డచోట ఒకలా, నీడలో ఇంకోలా ఉంటుంది.

చిక్కంతా ఈ రంగు బొమ్మలతోనే. అప్పట్లో వాటిని నున్నటి కాగితం మీద విడిగా అచ్చేసి పుస్తకంలో చేర్చేవారు. ఫ్రేము కట్టి అమ్ముకోవడానికి వాటిని కోసేసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఈ పెట్టెలోనే ఒక కాపీలో సగం బొమ్మలు లేవు. కుట్టు దగ్గర వేలు పెట్టి చూస్తే బ్లేడుతో కోసిన అంచు తగులుతుంది. అమ్మినాయన 'బాగుంది' అని రాసి పంపాడు మరి! దాన్ని చదువుకునే కాపీగా తక్కువకే ఇచ్చేస్తాను. ఇకపై ముందు పేజీల్లోని బొమ్మల పట్టికతో సరిచూసి, ఏవి ఉన్నాయో ఏవి లేవో రాశాకే అమ్మకానికి పెడతాను. మీరు ఎక్కడ కొన్నా ఆ పట్టిక ఫొటో అడగండి.

'ఒక్క బొమ్మ విడిగా ఇస్తారా?' అని అడిగేవాళ్లకు ఇవ్వను. ఎంత ఇస్తానన్నా కోయను. దానికి బదులు ప్రింట్లు వేయిస్తున్నాను. లూసీ 1958లో పోయారు. మన చట్టం ప్రకారం బొమ్మ వేసినవాళ్లు పోయాక 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది, అది 2018తో అయిపోయింది. బ్రిటన్‌లో 70 ఏళ్లు కాబట్టి అక్కడున్న మనవాళ్లకు మాత్రం 2028 దాటేదాకా ఈ ప్రింట్లు పంపలేను, ఏమీ అనుకోకండి.

గుర్రాల బొమ్మలు వేసిన ఇంకో చిత్రకారుడు లయొనెల్ ఎడ్వర్డ్స్. ఆయన ప్రింట్లు ఇక్కడ కూడా కుదరవు. ఆయన పోయింది 1966లో, కాబట్టి 2026 చివరిదాకా ఆగాల్సిందే. ఆయన బొమ్మలున్న 'మూర్‌ల్యాండ్ మౌసీ' (1929) ఒక్క కాపీ వచ్చింది. ఎక్స్‌మూర్ కొండల పొట్టి గుర్రం తన కథ తానే చెప్పుకునే పుస్తకం ఇది. ఎడ్వర్డ్స్ స్వయంగా గుర్రం ఎక్కి వేటకు తిరిగినవాడు. ఆయన బొమ్మలో గుర్రం ఎంతో, దాని వెనకున్న వాతావరణమూ అంతే. నాకైతే లూసీ కన్నా ఈయనే ఇష్టం. వ్యాపారం చేసేవాడు ఇలా చెప్పకూడదనుకోండి.

ఇక మూడో చిత్రకారిణి ఆన్ బుల్లెన్. ఆవిడ వేసిన పోనీలకు, అంటే పొట్టి గుర్రాలకు, పెద్ద కళ్లు, సన్నటి మూతి. మరీ ముద్దుగా వేసేస్తుందని అంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ ఆవిడకు గుర్రాలు తెలియవనడానికి వీల్లేదు. ఆవిడ పిల్లలు ముగ్గురు ఒలింపిక్స్‌లో గుర్రాల మీద పోటీ చేశారు. జేన్ అనే కూతురు 1968 మెక్సికోలో బంగారు పతకం గెలిచిన బ్రిటన్ జట్టులో ఉంది. ఆన్ బొమ్మలున్న 'ఎ పోనీ ఫర్ జీన్' (1936) అడిగినవాళ్లు ఇంకొంచెం ఓపిక పట్టండి, ఈసారి దొరకలేదు.

పిల్లలు చదవడానికే అయితే తర్వాత వచ్చిన పేపర్‌బ్యాక్ చాలు, ఖరీదైనది కొనకండి. చాలావాటిలో పాత బొమ్మలు ఉండవు, కొన్నిట్లో కథ కూడా కుదించారు. ఏది ఎలాంటిదో పక్కనే రాస్తాను. పార్సిల్ ఖర్చు ఒక్కోసారి పుస్తకం ఖరీదును మించిపోతోంది కాబట్టి ఈసారి బేరాలు లేవు. ముందు చెప్పిపెట్టినవాళ్లకు ఆదివారం దాకా తీసి ఉంచుతాను, సోమవారం నుంచి ఎవరు ముందు అడిగితే వాళ్లకే.